అణువునకు వేఱు ధర్మమా?

ఈ నడుమ మన సభలలోను, పత్రికలలోను, పెండ్లిపందిళ్లలో భోజనానంతరము సాగు సంభాషణలలోను గూడ ఒక మాట తఱచుగా వినబడుచున్నది. "పరమాణువు లోపల భౌతికశాస్త్ర నియమములు పనిచేయవట! అచ్చట ఒక వస్తువు ఒకేసారి రెండుచోట్ల నుండునట! చూచువాడున్నందుననే చూడబడునది కలుగునట! సైన్సువారే యిట్లొప్పుకొనుచుండగా ఇంక మీరు దేనిని మూఢవిశ్వాసమనెదరు?" అని. ఈ మాటను కొందఱు అమాయకముగా నమ్మి పలుకుచున్నారు. కొందఱు మన పూర్వులకిది ముందే తెలియునని చెప్పుకొనుటకై పలుకుచున్నారు. మఱికొందఱు సంచిలో నుండి యేదో యొక సరకు తీయుటకు ముందు పలుకుచున్నారు. ఈ కడపటివారి వలననే మాకీ వ్యాసము వ్రాయవలసి వచ్చినది.

ఈ మాట పూర్తిగా అబద్ధమైనచో దానిని త్రోసిపుచ్చుట సులభమే. ఇందు సగము నిజమున్నది. మంచి రూపాయల నడుమ చెల్లని రూపాయిని పెట్టి యిచ్చినట్లు, ఆ సగమును చూపి తక్కిన సగమును చెల్లించుకొనుచున్నారు. కావున నిజమెంతవఱకో, అబద్ధమెచ్చట మొదలగునో గీత గీచి చూపుట యవసరము. ఇరువదియేండ్లకు పైబడి బడిలో పిల్లలకు పాఠములు చెప్పుచున్న మేము, "సూక్ష్మప్రపంచమున మామూలు నియమములు వర్తించవు" అను వాక్యమును పిల్లలు కంఠస్థము చేసి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనుట యెన్నోమాఱులు చూచితిమి. వర్తించకపోవుట యననేమి, ఏ నియమము, ఎంత చిన్నదానియందు, ఎంత మేరకు అని యడిగినచో వారు తెల్లబోవుదురు. వారి తప్పు కాదు. వారికి చెప్పినవారును అడుగలేదు.

అగ్రహారమునకొక ధర్మము, ఊరి చివఱి పేటకొక ధర్మము అని తరతరములుగా విని యలవాటుపడిన చెవులకు, పెద్దవస్తువులకొక ధర్మము చిన్నవస్తువులకొక ధర్మము అనగానే వింత తోపకపోవచ్చును. కాని ప్రకృతి మన స్మృతికర్తలవలె పక్షపాతము గలది కాదు.

మొదట వంటయింటినే చూతము. గుప్పెడు బియ్యమును గోడకు విసరినచో ఒక్క గింజయు నిలువదు. అదే బియ్యమును విసరి పిండిచేసి ఆ పిండిని గోడకు చల్లినచో గోడ తెల్లబడును. బియ్యమును క్రిందికి లాగిన భూమ్యాకర్షణము పిండిని లాగుట మానినదా? మానలేదు. ఒక వస్తువు పొడవు పదవవంతునకు తగ్గినచో దాని పైతలము నూఱవవంతునకును, బరువు వేయవవంతునకును తగ్గును. బరువు తఱిగినంత వేగముగా అంటుకొను బలము తఱుగదు. అంతియే రహస్యము. తాడిచెట్టు కొననుండి చీమ జాఱిపడినచో లేచి తన దారిన తాను పోవును. ఆ చెట్టెక్కిన గీతపనివాడు జాఱినచో వాని యాలుబిడ్డలు వీధిపాలగుదురు. ఇద్దఱిని లాగినది ఒకే భూమి, ఒకే నియమముతో. చీమకు గాలి యడ్డుపడినంతగా మనిషి కడ్డుపడలేదు. అదే చీమ ఒక నీటిబొట్టులో చిక్కుకొన్నచో, మనము లెక్కచేయని నీటి తలతన్యత దానికి చెఱసాల యగును. చెఱువు నీటిపై కాళ్లు తడియక పరుగెత్తు పురుగులకదే తలతన్యత రాజమార్గము.

ఇంకను చిన్నదానికి పోదము. మన ప్రేగులలో నివసించు సూక్ష్మజీవి పొడవు మిల్లీమీటరులో వేయవవంతో, రెండువంతులో. అది నీటిలో నీదుట మనము ముదురు బెల్లపు పాకములో నీదుటకన్నను కష్టము. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు పర్సెల్ 1976లో దీనిని లెక్కకట్టి చూపెను. ఆ జీవి తోక యాడించుట మానిన పిమ్మట, ఒక్క పరమాణువు వెడల్పంత దూరమైనను సాగక ముందే నిలిచిపోవునట. పడవవాడు తెడ్డు ఎత్తిన తరువాతను పడవ కొంతదూరము సాగును గదా! ఆ సాగుటను మనము జడత్వమందుము. అది సూక్ష్మజీవికి లేదని చెప్పువాడు పొరబడినట్లే. పర్సెల్ ఆ దూరమును కనుగొన్నది న్యూటను నియమముతోనే. జడత్వము అచ్చటను ఉన్నది. ద్రవము యొక్క స్నిగ్ధత ముందు అది లెక్కకు రాకున్నది. ఇంతవఱకు చెప్పినదానిలో నియమమేదియు మాఱలేదు, నియమముల నడుమ పెత్తనము మాత్రము చేతులు మాఱినది. "చిన్నవానికి వేఱు ధర్మము" అను మాటలో మొదటి పొరపాటిది.

ఇక అసలు చిక్కు మఱింత లోతునకు దిగినపుడు వచ్చును. పరమాణువు వెడల్పు ఇంచుమించుగా మిల్లీమీటరులో కోటవవంతు. దాని నడుమ అతిసూక్ష్మమైన కేంద్రకమొకటి కలదని 1911లో రూథర్ ఫర్డు తేల్చెను. దాని చుట్టును ఎలెక్ట్రానులు తిరుగుచున్నవనుకొన్నచో, పందొమ్మిదవ శతాబ్దపు విద్యుచ్ఛాస్త్రము ప్రకారము అవి కాంతిని వెదజల్లుచు, శక్తిని పోగొట్టుకొనుచు, సెకనులో పదివేల కోట్లవవంతు కాలములో కేంద్రకముపై పడిపోవలెను. అనగా పాతనియమమే సంపూర్ణసత్యమైనచో మన కంచము, కంచములోని యన్నము, అన్నము కలుపు చేయి, ఏదియు నిలువదు. చదువరులీ మాటను కొంచెము నిలిచి యాలోచింపవలెనని మా ప్రార్థన. క్వాంటం నియమము ఎచ్చటనో పరమాణువు చాటున దాగియున్న వింత కాదు. మీ వంటయింటి రోలు గట్టిగా నిలిచియుండుటయే దానికి సాక్ష్యము. ఆ నియమమక్కడిది, మనది వేఱు అనువారు తాము కూర్చున్న పీట యేల కూలిపోకున్నదో మొదట చెప్పవలెను.

1900 సంవత్సరము డిసెంబరు 14వ తేదీని బెర్లిను నగరమున మాక్సు ప్లాంకు చదివిన వ్యాసముతో ఈ శాస్త్రము ఆరంభమైనది. కాచిన వస్తువు వెలువరించు కాంతి ధారవలె గాక పొట్లములుగా లెక్కింపబడవలెనని ఆయన చెప్పెను. ఆ పొట్లమెంతయో నిర్ణయించు సంఖ్య ప్లాంకు స్థిరాంకము. మనము వాడు కొలతలలో వ్రాసినచో దశాంశబిందువు తరువాత 33 సున్నలు పెట్టి, ఆపైన 6626 అని మొదలుపెట్టవలెను. ఎంత చిన్నదో చూడుడు. చిన్నదేగాని సున్న కాదు. ఆ సున్న కాకపోవుటలోనే కథయంతయు నున్నది.

1924లో ఫ్రాన్సుదేశపు దె బ్రోయీ యొక చిన్న సూత్రము వ్రాసెను. కదలు ప్రతివస్తువునకు ఒక తరంగదైర్ఘ్యము కలదు. ప్లాంకు స్థిరాంకమును ఆ వస్తువు ద్రవ్యరాశి వేగముల లబ్ధముతో భాగించినచో అది తేలును. ఒక గ్రాము తూగు చింతగింజ సెకనుకు ఒక మీటరు దొర్లుచున్నదనుకొందము. లెక్కవేసినచో దాని తరంగదైర్ఘ్యము హైడ్రోజను పరమాణువు కేంద్రకముకన్న పదికోట్ల కోట్ల రెట్లకు మించి చిన్నది. దానిని పట్టగల పరికరము లోకమున లేదు. అదే సూత్రమున, నూఱు వోల్టుల విద్యుత్పీడనముతో తోయబడిన ఎలెక్ట్రానును వేసి చూడుడు. దాని తరంగదైర్ఘ్యము ఇంచుమించుగా ఒక పరమాణువు వెడల్పునకు సమానము. కావున స్ఫటికములోని పరమాణువుల వరుసలపై పడినపుడు అది అలవలె ప్రవర్తించును. 1927లో అమెరికాలో డేవిసను, జెర్మరులును, స్కాట్లండులో జి. పి. టాంసనును దానిని ప్రయోగమున చూచిరి. చింతగింజకు ఒక సూత్రము, ఎలెక్ట్రానునకు ఒక సూత్రము వ్రాయలేదు. సూత్రమొక్కటే, అందు వేసిన ద్రవ్యరాశి వేఱు. పెద్దవస్తువులయందు అల కనబడనంత చిన్నదగుటచే న్యూటను నియమము సరిపోవుచున్నది. న్యూటను తప్పు చెప్పలేదు. ఆయన చెప్పినది పెద్దనియమపు స్థూలరూపము. మన వాదమంతయు ఈ యొక్క చోటనే నిలిచియున్నది. చిన్నవానికి వేఱు ధర్మము లేదు. చిన్నవాని ధర్మమే అందఱి ధర్మము, పెద్దవాటియందు అది నెమ్మదిగా మనమెఱిగిన రూపమునకు వచ్చును.

నడుమ గోడ యేదియు లేదనుటకు సాక్ష్యము కావలెనా? వియన్నా నగరమున 1999లో అఱువది కార్బను పరమాణువులు గల బంతివంటి అణువులను సన్నని చీలికల గుండ పంపి, అవియు అలల చారలనేర్పఱచునని చూపిరి. 2019లో ఇంచుమించు రెండువేల పరమాణువులు గల అణువులతో చూపిరి. సరిహద్దు ఎచ్చటనో గట్టు కట్టినట్లుండదు. వస్తువు పెరిగినకొలది దానిని పరిసరములనుండి వేఱుచేసి యుంచుట కష్టతరమగును, అంతే.

ఇపుడు ప్రతివాదులు అనిశ్చితత్వమును ముందునకు తెత్తురు. "ఎలెక్ట్రాను ఎచ్చటనున్నదో తెలియదని హైజెన్‌బర్గు 1927లోనే చెప్పెను. శాస్త్రమునకే తెలియనపుడు ఏదియైనను కావచ్చును గదా!" అందురు. హైజెన్‌బర్గు చెప్పినది ఏదియైనను కావచ్చునని కాదు. స్థానమునందలి అనిశ్చితిని, ద్రవ్యరాశివేగముల లబ్ధమునందలి అనిశ్చితిని గుణించినచో, ఆ లబ్ధము ప్లాంకు స్థిరాంకమును 4π చేత భాగించినదానికన్న తక్కువ కాజాలదని చెప్పెను. అది అజ్ఞానపు ఒప్పుకోలు కాదు, అంకెతో కూడిన శాసనము. "మాకు తెలియదు" అనుట వేఱు, "ఇంతకు మించి నిర్దిష్టత ఉండదు, ఆ యింత యెంతయనగా ఇంత" అనుట వేఱు.

1989లో జపానుదేశమున తోనొమురా యనునాయన ఎలెక్ట్రానులను ఒక్కొక్కటిగా పంపి తెరపై వాని గుర్తులను పట్టెను. మొదట చుక్కలు అడ్డదిడ్డముగా పడును. ముగ్గు పెట్టు పడుచు చుక్కలు పెట్టుచుండగా చూచు పరాయివానికి ఏ ముగ్గో తెలియనట్లు, పది చుక్కలలో ఏమియు కానరాదు. వేలకొలది పడిన పిమ్మట చారలు స్పష్టముగా నిలుచును. ఏ చుక్క యెచ్చట పడునో ముందు చెప్పలేము. చారలెచ్చట నేర్పడునో ముందే గీసి యుంచగలము. రేడియము విషయమును ఇట్లే. ఏ పరమాణువు నేడు పేలునో, ఏది పదివేలయేండ్లు నిలుచునో చెప్పలేము. కాని 1600 ఏండ్లలో ఇంచుమించు సగము పేలిపోవునని చెప్పగలము. ఇది విశృంఖలత కాదు.

ఇంకొక సాక్ష్యము అంగడిలోనే యున్నది. 1889 మొదలు ప్రపంచమంతటికిని కిలోగ్రామునకు ప్రమాణము, పారిసు చెంత భద్రపఱచిన ఒక ప్లాటినం ఇరిడియముల స్తూపము. 2019 మే 20వ తేదీనుండి ఆ స్తూపమునకు ఆ పదవి పోయినది. ప్లాంకు స్థిరాంకమునకు నిర్దిష్టమైన విలువ నిచ్చి, దానినుండి కిలోగ్రామును రాబట్టుచున్నారు. అనగా నేడు మన పచారికొట్టువాడు కందిపప్పు తూచు కిలోరాయికి మూలము పరమాణులోకపు స్థిరాంకమే. నియమములు లేనిచోటునకు పోయి లోకమంతయు తన తూనికరాతిని తెచ్చుకొనునా?

తరువాత "చూచువాడు" వచ్చును. వేదాంతము చదువుకొన్నవారికి ఈ మాట మిక్కిలి ప్రీతి. ద్రష్ట లేనిదే దృశ్యము లేదని భౌతికశాస్త్రమే ఒప్పుకొన్నదని వారి సంతోషము. వేదాంతమును మేమును కొంత చదివితిమి; దానికీ యాధారము అక్కఱలేదు, ఈ యాధారము దానికి చాలదు కూడ. వియన్నావారే 2003లో చేసిన ప్రయోగమును చూడుడు. డెబ్బది కార్బను పరమాణువుల అణువులను శూన్యనాళమున పంపి చారలను పట్టిరి. పిమ్మట ఆ నాళములోనికి కొద్దికొద్దిగా వాయువును వదలిరి. వాయువు పెరిగినకొలది చారలు మాసిపోయినవి. ఎంత వాయువునకు ఎంత మాయవలెనో ముందు వేసిన లెక్కతో సరిపోయినది. 2004లో ఆ యణువులనే మిక్కిలి వేడిచేసి పంపిరి. అవి తమంత తామే వెలువరించిన కాంతి చేత చారలు చెఱగినవి. అచ్చట చూచినవాడెవడు? వాయువులోని అణువు తాకినది, వెలుగు కణము బయటికి పోయినది. అణువు దారిని గూర్చిన సమాచారము లోకములోనికి జాఱుటయే ఈ శాస్త్రమున "చూచుట". దానికి కన్ను, మనస్సు, ధ్యానము అవసరము లేదు. గది తలుపు వేసి అందఱును కాఫీకి పోయినను ఫలితమదియే.

ఇచ్చట ప్రతివాదులకు న్యాయముగా నొకమాట చెప్పవలెను. అనేకమైన అవకాశములలో ఒక్కటే యెట్లు ఫలించుచున్నదను ప్రశ్న నేటికిని తీఱలేదు. బోరును ఐన్‌స్టీనును జీవితాంతము వాదించుకొనిరి. వారు పోయినను వాదము పోలేదు. కాని యా వాదము సమీకరణము యొక్క యర్థమును గూర్చినది. సమీకరణమిచ్చు అంకెలను గూర్చి వారెవ్వరికిని తగవు లేదు. పెద్దలు అర్థముకొఱకు తగవులాడుకొనుచుండగా సందు చూచి లోపలికి దూఱి, "అంకెలే లేవు" అని చాటువానిని ఏమనవలెనో చదువరులే నిర్ణయింతురు గాక.

పూర్వుల మాట. వైశేషికులు పరమాణువును ఊహించుట మన బుద్ధిచరిత్రకు గొప్ప గౌరవము. కిటికీ సందునుండి వచ్చు ఎండలో తేలు రేణువును త్రసరేణువని పిలిచి, దానిలో ఆఱవవంతు పరమాణువని వారు తర్కించిరి. మేమీ పంక్తులను చదివినపుడెల్ల, కొలచుటకు పనిముట్టు లేక వట్టి తర్కముతో అంతదూరము పోయినవారి తెగువకు నమస్కరింతుము. కాని నమస్కరించుట వేఱు, లెక్క దిద్దుకొనకుండుట వేఱు. అట్టి రేణువు వెడల్పు మిల్లీమీటరులో నూఱవవంతనుకొన్నచో అందుండు పరమాణువులు ఆఱు కావు, ఇంచుమించుగా కోటి కోట్లు.

కుమ్మరి ఆవములో పెట్టిన పచ్చికుండ ఎఱ్ఱనగుటను గూర్చి వైశేషికులకును నైయాయికులకును గొప్ప వివాదము కలదు. కుండ పరమాణువులుగా విడిపోయి, పరమాణువులే ఎఱ్ఱబడి, తిరిగి కుండగా కూడునని వైశేషికుల పీలుపాకవాదము. కుండ కుండగానే యుండి రంగు మాఱునని నైయాయికుల పిఠరపాకవాదము. రంగు పరమాణువుదా, సముదాయముదా యను ప్రశ్న ఎంత చక్కనిది! దీనికి ప్రయోగము సమాధానము చెప్పినది. 1857లో మైకేల్ ఫారడే బంగారమును కంటికి కానరాని నలుసులుగా చేసి నీటిలో తేల్చగా ఆ నీరు కెంపువన్నె పొందెను. పసిమి బంగారపు పరమాణువు సొత్తు కాదన్నమాట. ఇటీవలి కాలమున ఒకే పదార్థపు స్ఫటికములను మిల్లీమీటరులో లక్షలవవంతుల పరిమాణమున చేసి, పెద్దవి ఎఱ్ఱగాను, చిన్నవి నీలముగాను వెలుగునట్లు చేయుచున్నారు. పదార్థము మాఱలేదు, పరిమాణము మాఱినది. ఇఱుకైన చోట బంధింపబడిన ఎలెక్ట్రాను అల తన శక్తిని మార్చుకొనవలసివచ్చినది. ఈ పనికి 2023లో బవెండి, బ్రూస్, ఎకిమోవ్ అను ముగ్గురకు రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. మన శాస్త్రకారులు బ్రతికియున్నచో ఈ ఫలితమును విని తమ వాదమును తిరిగి వ్రాసియుందురని మా నమ్మకము. ఖండనమండనములలో పుట్టి పెరిగినవారు గదా! "మాకన్నియు ముందే తెలియును" అనుట వారి పద్ధతి కాదు, వారి పేరు చెప్పుకొని తినువారి పద్ధతి.

మనవారికి ఈ శాస్త్రమున నిజమైన గౌరవమే కావలెనన్నచో అది లేకపోలేదు. 1924లో ఢాకానుండి సత్యేంద్రనాథ బోసు పంపిన వ్యాసమును ఐన్‌స్టీను తానే జర్మనుభాషలోనికి మార్చి ప్రకటింపించెను. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామను కనుగొన్న కాంతిఫలితము, వెలుగు అణువుతో పొట్లములుగానే లావాదేవి జరుపుననుటకు కన్నులార చూడదగిన నిదర్శనము. ఆయన శిష్యుడు సూరి భగవంతముగారు మన తెలుగువారు. వాల్తేరులోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తున పనిచేసి, టి. వేంకటరాయుడుగారితో కలిసి, అణువుల కదలికలకు గణితపు సమూహసిద్ధాంతమును అన్వయించుచు వ్రాసిన గ్రంథమును 1948లో వాల్తేరునుండియే వెలువరించిరి. ఇంట త్రసరేణువును గూర్చి గొప్పలు చెప్పుకొనువారిలో ఈ గ్రంథము పేరు విన్నవారెందఱు?

ఇక సంచిలోని సరకు చూతము.

మా వీధిలో ఒక గృహిణికి మధుమేహము. వైద్యుడిచ్చిన మాత్రలు క్రమముగా మింగుచు బాగుగనే యుండెను. ఒకనాడు ఊరిలో ఎవరో పెట్టిన "క్వాంటం" పరీక్షా శిబిరమునకు బంధువులు తీసికొనిపోయిరి. చేతిలో ఒక లోహపు కడ్డీ పట్టుకొనుమనిరి. ఒక నిమిషములో యంత్రము పుటలకొలది నివేదిక వెలువరించినది. రక్తపుబొట్టు తీయకయే కాలేయమెంత, మూత్రపిండములెంత, ఎముకలలో సున్నమెంతయను అంకెలన్నియు నందున్నవి. "క్లోమము బాగున్నది" అనియు నున్నది. ఆమె మాత్రలు మానెను. వారమ్మిన పొడి వాడెను. ఆఱు మాసములలో కాలిపుండు ముదిరి ఒక వ్రేలు తీసివేయవలసి వచ్చినది. పెద్దింటి చదువరి కుటుంబము, కుమారుడు ఇంజనీరు. అతడే మాతో, "మాస్టరుగారూ, క్వాంటం అనిరి గదాయని నమ్మితిమండీ" అనెను.

నిజమైన క్వాంటం పరీక్ష మన పట్టణములలోనే యున్నది. దానిని ఎం.ఆర్.ఐ. యందురు. అందు శరీరములోని నీటియందున్న హైడ్రోజను కేంద్రకములు అయస్కాంతక్షేత్రమున సెకనుకు సుమారు 6 కోట్ల 40 లక్షల మాఱుల తఱచుదనము గల రేడియో తరంగమునకు పలుకును. ఇది 1.5 టెస్లా బలము గల అయస్కాంతము సంగతి. ఆ అయస్కాంతము టన్నులకొలది బరువు. అనేక యంత్రములలో దాని తీగచుట్టలను సున్నకు దిగువ 269 డిగ్రీల ద్రవహీలియముతో చల్లబఱచుదురు. ఇంత చేసినను శరీరపు వేడిమిలో కేంద్రకములు చిందరవందరగా నుండుటచేత, పదిలక్షలకు అయిదు మాత్రమే ఎక్కువగా ఒక ప్రక్కకు మొగ్గును. ఆ అయిదింటి పలుకును విని చిత్రము గీయుచున్నారు. చిన్నదాని మాట వినుటకు మనమెంత శ్రమపడవలెనో చూచితిరా? బల్లపై నిలుచు డబ్బాలో అయస్కాంతమేది, చల్లదనమేది? చేతి చర్మముగుండ విద్యుత్తు ఎంత పాఱునో తెలిసినంత మాత్రమున క్లోమము సంగతి తెలియునా?

మెడలో వేసికొను "క్వాంటం" బిళ్లలు మఱియొక వింత. రేడియో తరంగములనుండి కాపాడునని వీనిని పిల్లల మెడలలో గూడ కట్టుచున్నారు. 2021 డిసెంబరులో నెదర్లాండ్సు దేశపు అణుభద్రతాధికారులు ఇట్టి పది వస్తువులను పరీక్షించి, అవి హానికరమగు అయొనీకరణ కిరణములను వెలువరించుచున్నవని ప్రకటించి, ధరింపవద్దని హెచ్చరించిరి. లేని యపాయమునకు రక్షయని కొన్నది, ఉన్న యపాయమును మెడకు కట్టినది.

తియ్యని గోళీల మాట చెప్పినచో మాపై కోపగించువారుందురు, వారిలో మా బంధువులును గలరు. అయినను చెప్పవలెను. ముప్పదవ పొటెన్సీ యననేమి? మందులో ఒకవంతును నూఱువంతులుగా పలుచన చేయుట యొక మెట్టు. అట్లు ముప్పది మెట్లు. అనగా ఒకటి తరువాత 60 సున్నలు గల సంఖ్యలో ఒకవంతు. పదునెనిమిది గ్రాముల నీటిలో అణువులెన్నియనగా 6 తరువాత 23 సున్నలు. కావున అన్నియణువుల మందుతో మొదలిడినను పండ్రెండవ మెట్టు దాటునప్పటికి ఒక్క యణువైనను మిగులుట సందేహము. తక్కిన పదునెనిమిది మెట్లును ద్రావకమును ద్రావకముతో కలుపుటయే. ఈ పద్ధతి నేర్పఱచిన హానిమన్ 1843లోనే గతించెను. అణువుల పరిమాణమును లోష్మిట్టు లెక్కించినది 1865లో. ఆయనకు తెలియకపోవుట తప్పు కాదు. తెలిసిన పిమ్మట "నీటికి క్వాంటం జ్ఞాపకశక్తి కలదు" అని క్రొత్త కథ కల్పించుట తప్పు. నీటియణువుల నడుమ బంధములు సెకనులో లక్షకోట్లవవంతు పాటి కాలములో తెగి తిరిగి ముడిపడుచుండును. ఆ జ్ఞాపకము సీసా మూత తిప్పునంతవఱకైన నిలువదు.

ఇట్టి యంత్రము మీ యింటికి వచ్చినచో, తెచ్చినవానితో వాదము పెట్టుకొనవద్దు. కుర్చీ వేసి మంచినీరిండు. ఇంటనున్న ఒక్కరి చేతికే కడ్డీని రెండుమాఱులు ఇప్పింపుడు. మొదటిమాఱు వయస్సు డెబ్బదియని, పురుషుడని వ్రాయింపుడు. రెండవమాఱు పదునేడని, స్త్రీయని వ్రాయింపుడు. చేయి అదే, చేతిలోని పరమాణువులు అవే. రెండు నివేదికలను ప్రక్కప్రక్కన పఱచి, అతని యెదుటనే పైకి చదువుడు.